ఎనకమాల

లీలామహల్ సర్కిల్ కాడ ఎల్మెట్ల అంగడి ఖలందర్ భాయి
నల్లటి బుర్రకాయొకటి నా చేతిలో పెట్టి
"చెంగల్రాయన్నా, దీనికి ఎనకమాల కన్నుండాది" అన్నాడు.
బెంగుళూరు పిల్లోడెవరో అద్దం పగిలిందని ఇచ్చిపోయి
మూడు నెలలైనా తిరిగి రాలేదంట.
పగులు అతికిచ్చి, సగం రేటుకి,
అదీ రెండు కంతుల్లో.

తగిలిచ్చుకుంటే
కుడికంటి పైన అగ్గిపెట్టంత బొమ్మ.
అంగడి మెట్ల మీద టీ తాగేవాడు,
వాడెనక కుక్క,
కుక్కెనక కొండకి పొయ్యే బస్సు.
నా మెడ తిరగలేదు. అన్నీ కనపడినాయి.

నా మెడ తిరిగి పదేండ్లు.
భాకరాపేట కనమలో ఒక టమాటా లారీ
ఎనకనించి తాకి పొయ్యింది.
ఆ పొద్దు నేనొక్కణ్ణే.
అప్పట్నించి ఎవురన్నా పిలిస్తే
మనిషంతా తిరగాల,
బీరువా జరిపినట్టు.

సంతరోజు నాలుక్కే బండి తీసినాం.
ట్యాంకు మీద లంగాల మూట,
ఎనకమాల దేశమ్మ,
దేశమ్మెనక జాకెట్టు గుడ్డల మూట.
చంద్రగిరి దాటినాక తెల్లారింది.
లారీలేమన్నా వస్తాండాయా అని కన్ను పైకెత్తితే
లారీ లేదు. రోడ్డు లేదు.
అగ్గిపెట్ట నిండా
మా ఆడమనిషి మొగం.

తిట్టుకుంటి.
ఇంత దుడ్డు పెట్టి లారీని చూపీవే అంటే
ఇంట్లో ఉండే మనిషినే చూపిస్తా ఉండాది.

అయినా కన్ను మళ్ళా ఆడికే పోతాది.
రంగంపేట కాడ పెదాలు కదిలిస్తా ఉండాది.
పాటేమో అనుకుంటి. కాదు, అప్పుల లెక్క.
ఒక పేరు కాడ ముక్కు చిట్లిచ్చింది,
ఆ పేరు నాకు తెలుసు, మా అక్కది.
సలికి కొంగు చెవులకి చుట్టుకునింది.
గాలికి కన్నీళ్ళు చెవుల దాకా పోతా ఉంటే
తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు,
ఒక చెయ్యి మూట మీద, ఒకటి నా భుజం మీద.

కనమ మొదలైంది. మొగం పొయ్యింది.
బొమ్మ నిండా జుట్టు, ముడి, ముడిలో పిన్నీసు.
తల ఎనక్కి తిప్పి
అట్టే ఉండిపొయ్యింది.
నా ఎడమ భుజం మీద రెండు దెబ్బలు.
జరిగినా.
కుడిపక్క నించి లారీ పొయ్యింది,
పచ్చి టమాటా వాసన కొట్టుకుంటా.

ఆ రెండు దెబ్బలు నాకు కొత్త కాదు.
"ఊరికే గెలక్కు" అని కసిరిన రోజులుండాయి.
కసిరి, ఆ మాట నోట్లో ఉండంగానే
పక్కకి జరిగేవాణ్ణి,
కాడి కదిలితే ఎద్దు జరిగినట్టు.

నా దెబ్బలు మానినాక "నేనూ సంతకొస్తా" అనింది.
యాపారం మీద ఆశనుకుంటి.
రాత్రిళ్ళు మెడకి అమృతాంజనం రుద్దుకుంటా ఉంటే
మూటలు మోసిన నొప్పనుకుంటి.
ఎన్ని మలుపులో ఈ కనమకి,
నేనెప్పుడూ లెక్కబెట్టలేదు.

ఆ మలుపొచ్చింది.
తల ముందుకి తిప్పుకుని, కండ్లు మూసుకునింది.
ఆ కాసేపు మా ఎనక
చూసేవాళ్ళు ఎవురూ లేరు.
నేను హారన్ కొట్టుకుంటా పొయినా,
ముందర ఎవురూ లేకపొయినా.

పీలేరులో మూటలు దించినాక అడిగింది:
"ఏమంట, ఆ కన్ను? పని చేస్తాదా?"
"ఏం కనపళ్ళా" అంటి.
"అయితే మొగాన కొట్టేసి రా."
సరే అంటి.

రెండో కంతు కట్టేదానికి పోయి
ఇంకొకటి అడిగినా, ఆడమనిషికి.
కన్ను లేకపొయినా ఫర్వాలేదు,
గడ్డం కాడ మూసుకోనిది,
మొగం బాగా కనపడేది.

ఖలందర్ భాయి పైనున్న డబ్బాలు దించుతా
"ఎవురికి కనపడాలన్నా?" అన్నాడు.