వాలుగ దవడ

రాత్రి పదకొండున్నరకి బిల్డ్ విరిగింది.
పొందూరు స్టేషన్లో గూడ్సు ఒకటి ఆగి ఉంది, కదలదు.
తెరమీద ఎర్రగా ఒక్క ముక్క: దొరకలేదు.
దొరకనిదాని పేరు
నేనెన్నడూ విన్నది కాదు.

నేను పిలిచింది ముగ్గుర్ని.
ఆ ముగ్గురూ తలా నలుగుర్ని వెంటేసుకొచ్చారు,
వాళ్ళ వెనక వాళ్ళవాళ్ళు,
పెళ్ళిబస్సు దిగినట్టు దిగారు
నాలుగువందల పన్నెండు ప్యాకేజీలు.
విస్తళ్ళ లెక్క అడిగితే ఏం చెప్పను?

అందరికంటే అడుగున
పదకొండు వరసల కోడు.
మాటల చివర మిగిలిన ఖాళీని కత్తిరించడం దాని పని,
అంతే.
ఎనిమిదేళ్ళ కిందట ఎవరో రాసి పెట్టారు,
ఈ సాయంత్రం తీసేసుకున్నారు.
కారణం రాయలేదు. రాయాలని ఎక్కడా లేదు.

పక్క వసారాలో సూరీడమ్మత్త
ఒళ్ళో పత్తి, చేతిలో వాలుగ చేప దవడ.
ఆ సన్నటి పళ్ళతో గింజ చుట్టూ దూదిని దువ్వుతోంది.
ముందు దువ్వాలి, ఆనక గింజ తియ్యాలి,
ఆ తర్వాతే ఏకడం, ఏకులు చుట్టి అరటిదొప్పలో దాచడం.
రాట్నం ఎక్కడో చివర.
వరస తప్పిందా, నూరో నెంబరు నూలు రాదు.

"ఏటే గుంటా, తొంగోలేదా?"
"ఒకటి తెగిపోయిందత్తా."
"అతుక్కో మరి."
"తెగింది నాది కాదు."
"అయితే ఏటి? బట్ట నీదే గదా."

ఆ దవడ ఎక్కడో గోదారి వేపు నుంచి రావాలి.
ఎవరి వలలోనో పడి, ఎవరి కత్తికో తెగి, ఎండి,
నాలుగు చేతులు మారి మా వీధికొస్తుంది.
ఒక ఊరి పంచెలన్నీ తన పళ్ళమీద ఆనుకున్నాయని
చేపకేం తెలుసు!

నిరుడు తెచ్చే మనిషి ఆర్నెల్లు రాలేదు.
అత్త మగ్గం ఆగలేదు.
రేకుపెట్టెలో గుడ్డచుట్టి పద్నాలుగు దవడలు,
ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం ముడి,
ఇది కొండపత్తికి, ఇది పునాసకి, ఇది వానాకాలం తేమకి.
"కొత్తది వచ్చీసిందని పాతది పారీకూడదే.
కొత్తదాని పళ్ళు ఎలగున్నాయో
దువ్వితేగాని తెలీదు."

నా పాత లాప్‌టాప్ మూలల్లో వెతికాను.
మార్చిలో దించుకున్న నకలొకటి ఉంది.
తెచ్చి నా ఇంట్లోనే పెట్టుకున్నాను.
వెర్షన్లకి అంకెలు వేసి ముడి బిగించాను,
నేను చెప్పేదాకా ఎవరూ మారకూడదని.
మొదటి వరసలో ఆయన పేరు అలాగే ఉంచాను.
లైసెన్సు ఉంచమంది.
అనకపోయినా ఉంచేదాన్నే, అనుకుంటాను.

ఆధారం అని కాగితమ్మీద రాసి చూశాను.
ఒత్తు చెరిపితే
లోపల దారం.

మూడుగంటలకి పచ్చవెలుగు.
నా పనిముట్టు మీద కూడా
ముక్కూమొహం తెలీని రెండువేలమంది ఆనుకున్నారు.
ఏదో ఒకనాడు నేనూ ఎవరికో
ఎర్రక్షరాల్లో దొరకనిదాన్నవుతాను.

"ఉత్తరం రాసినావా ఆ మనిషికి?"
రాశాను. ఎందుకు తీసేశారు, ముందుగా చెప్పొద్దా,
ఎంతమందికి ఇబ్బందో తెలుసా అని.
"బాగున్నాడో లేడో అడిగినావా?"

అడగలేదు.
ఎనిమిదేళ్ళు వాడుకున్నాను,
అడగలేదు.

రాసిందంతా కొట్టేసి
రెండు మాటలు మిగిల్చి పంపాను.
జవాబు ఇంకా లేదు.
గూడ్సు ఎప్పుడు వెళ్ళిపోయిందో, చూడలేదు.
కీబోర్డు సందుల్లో పత్తినూగు.
ఊదలేదు.