నా పేరు చెప్పు

చిక్కపేటకి చీరల కోసం బయల్దేరితే
మా పీజీ ఓనరాంటీ గేటు దాకా వచ్చి చెప్తుంది:
"మూడో సందులో మెట్లెక్కు. నా పేరు చెప్పు, తగ్గిస్తాడు."
మెట్రో దిగేసరికి ఆ మాట మర్చిపోతాను,
పూర్తి ధర ఇచ్చి వస్తాను.

ఆ మతిమరుపుకి మందు వెయ్యడమే నా ఉద్యోగం.

బీటీఎం రెండో స్టేజీలో, దర్శిని పైన,
సాంబారు వాసన మనతోపాటు మెట్లెక్కే ఆఫీసు.
ఎవరో ఎక్కడో ఒక లింకు నొక్కుతారు.
వాళ్ళకది ఒక్క అడుగు.
మాకు నాలుగు గుమ్మాలు:
పొట్టి లింకు, మా సర్వరు, నెట్‌వర్కు, చివర అంగడి.
ఒక్కో గుమ్మంలో రెప్పపాటు కూడా ఆగకుండా
"నన్ను పంపింది ఫలానా" అని చెప్పుకుంటూ పోవాలి.
ఆ ఫలానా ఉండేది ప్రశ్నార్థకానికి కుడిపక్కన,
తోకలో,
ఎవరి కళ్ళూ పోని చోట.

రెడ్డెప్ప ఫోన్ చేసింది ఆ తోక గురించే.
హోసకోటలో గ్రైండర్లు బాగుచేస్తాడు.
రాళ్ళు ఊడదీసి, బెల్టు పట్టి లాగి చూపించి,
"ఇది కొనండి, దాని జోలికి పోవద్దండి" అని వీడియోలు పెడతాడు.
కింద లింకు.
"పదకొండు దినాల్లో మున్నూట పద్దెనిమిది మంది నొక్కినారు మేడమ్.
నొక్కినారని మీ మిషనే చెప్తా ఉంది.
కొన్నోళ్ళు నాకే ఫోన్ చేసినారు, రాయి బాగుందని.
అంగట్లో ఒక్కరన్నా నా పేరు చెప్పలేదా?"

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

రాత్రి పదింటికి లాగ్‌లు తెరిచాను.
మొదటి గుమ్మంలో రెడ్డెప్ప ఉన్నాడు.
రెండో గుమ్మంలో ఉన్నాడు.
మూడో గుమ్మం దాటాక లేడు.

లింకులో లింకు పెట్టి పంపేటప్పుడు
లోపలిదాన్ని మూటకట్టాలి.
'మరియు' గుర్తుని ఉన్నదున్నట్టు వదిలేస్తే
దారిలోవాడు తనదే అనుకుని విప్పేసుకుంటాడు.
దాని బదులు శాతం, రెండు, ఆరు అని రాయాలి.
రెండు చేతులు మారేదైతే మూట మీద మూట.
ఎవరో ఒక్క మూటే కట్టారు.
ఎవరో ఏమిటి,
కోడు మార్పుల చిట్టాలో నా పేరుంది,
తేదీతో, నిమిషంతో సహా.
అక్కడ మాత్రం ఏ పేరూ ఊడిపోదు.

సరిచెయ్యడానికి నాలుగు నిమిషాలు పట్టింది.
వెనకటి పదకొండు రోజులు వెనకే ఉండిపోయాయి.
మా రిపోర్టులో "నేరుగా" అని ఒక గడి ఉంది,
ఎవరూ పంపకుండా తమంతట తామే వచ్చినవాళ్ళ కోసం.
ఆ గడి ఆ మధ్య బాగా లావెక్కింది.
సోమవారం మీటింగులో చప్పట్లు కొట్టాం దానికి,
నేనూ కొట్టాను.

కులకర్ణి మెత్తగానే అన్నాడు:
"పేరు లేని అమ్మకానికి కమీషనిస్తే దాన్ని దానం అంటారు."

బాగైందో లేదో చూడాలి కదా.
రెడ్డెప్ప వీడియో కిందకి పోయి నొక్కాను.
రెండు లీటర్ల గ్రైండరు, నీలం రంగు.
నాలుగు గుమ్మాల్లోనూ పలికాడు.
అరవై ఒక్క రూపాయి అతని ఖాతాలో మెరిసింది.
టెస్టు ఆర్డరు గంటలోపు రద్దు చెయ్యాలి.
గంట గడిచేదాకా
కిందికెళ్ళి కాఫీ తాగాను, రెండోది కూడా.

గురువారం వచ్చింది.
తెచ్చిన అబ్బాయి నా పేరు అడగలేదు,
నాలుగంకెలు అడిగాడు.
మా గదుల్లో వంట నిషేధం,
బియ్యం లేవు, మినపప్పు లేదు,
ప్లగ్గు దగ్గరికి వైరూ అందలేదు.

ఓనరాంటీ మూత తీసి, రాయి మీద వేలు రాసి చూసింది.
"మంచిదే. ఎంత పెట్టావు?"
చెప్పాను.
"నాకు చెప్పుంటే తగ్గేదిగా," అని
తన వంటింట్లోకి మోయించుకుపోయింది.

హోసకోటకి ఇంకా ఫోన్ చెయ్యలేదు.