రెండు చప్పుళ్లు

మా అక్క సుగుణ
దిల్‌సుఖ్‌నగర్ డిపోల ఇరవై రెండేండ్లు కండక్టరు.
ఒక్క విజిలేస్తే బస్సు ఆగాలె,
రెండేస్తే కదలాలె.
ఫుట్‌బోర్డు మీద యాలాడే పోరగాండ్లు సుత
ఆ రెండో విజిలుకే చెవి కోసుకునేటోళ్లు.

ఇప్పుడు గొంతుల రంధ్రం.
విజిలుకు గాలి చాలదు.
వేలికున్న రాగి ఉంగరంతోటి
మంచం కడ్డీ మీద కొడ్తది:
ఠంగు. ఠంగు.
నర్సు వచ్చి అడుగుతది, నీళ్లా? నొప్పా?
నాకు తెలుసు.
పోనీ అంటున్నది.

నేను మలక్‌పేట రేసుకోర్సుల
గుర్రాల డాక్టరు కాడ కంపౌండరును.
కాలు ఇరిగిన గుర్రం చుట్టు
ఆకుపచ్చ తెర పట్టుకునుడు మా పనే,
టికెట్టు కొన్నోళ్ల కండ్లకు ఆనకుంట.
మెడ నరం ఏడుంటదో నా బొటనవేలికి యాదికుంటది.
సూది దిగినంక గుర్రం
నిద్రల ఏదో గుర్తొచ్చినట్టు ఒక్కసారి నిట్టూరుస్తది.
మోకాళ్లు ముందుగాల నమ్మకం ఇడుస్తయ్.
నిమిషం సుత పట్టది.

మాట ఇంక ఉన్నప్పుడు ఒకనాడు అడిగింది:
"ఆ సూది గుర్రాలకేనారా, తమ్మీ?"
నవ్వులాటకు అన్నట్టు. నేను గూడ నవ్విన.
ఆ నవ్వు ఇయ్యాల్టికి మింగుడు పడ్తలేదు.
మందు అల్మారి తాళంచెవి
నా మొలతాడుకే ఉంటది.

రెడ్‌హిల్స్ దవాఖానల డాక్టరమ్మ మంచిది.
కుర్చీ దగ్గరికి గుంజుకొని చెప్పింది:
తీసేయమంటే తీసేస్తం, దానికి కాయితం ఉంది, కమిటీ ఉంది.
ఇయ్యమంటే ఇయ్యలేం.
తీసుడుకు, ఇచ్చుడుకు నడుమ
సన్న గీత ఒకటి ఉందట.
ఆ గీత మీదనే పండుకొని ఉంది మా అక్క,
ఎటు ఒత్తిగిలినా నొప్పే.

గుర్రం ఎన్నడు అడగలే. ఇచ్చినం.
ఈమె అడుగుతున్నది. ఇయ్యం.

ఇట్ల నాకు నేనే న్యాయం చెప్పుకుంటుంటె
ఇంకో యాది అడ్డం వస్తది.
ఆ తెర ఎనుక
గుర్రం యజమాని సంతకం పెట్టి గడియారం చూసుకున్నడు.
బీమా మనిషి ఫోటో తీసుకున్నడు.
ఉరకని గుర్రానికి దాణా ఎవలు పెడ్తరు?
అది జాలేనని
అందరం ఒక్కమాట మీద ఉంటిమి.

నిన్న క్యాంటీన్‌ల చాయ్ తాగుకుంట బావ అన్నడు,
"ఇంకెన్ని దినాలంటరు?"
ఆయన తప్పేం లేదు. మూడు నెలల సంది
బెంచీ మీద పండి నడుము పడిపోయింది,
ఆటో కిస్తీ ఆగిపోయింది.
నేను సుత లోపల లెక్క కట్టిన.
మా లెక్కలు ఆమె చెవుల పడ్తున్నయా?
ఆ రెండు దెబ్బలు ఆమె నొప్పి కొడ్తున్నదా,
మా దగ్గర చిల్లర అయిపోయిందని
తనే సీటు ఖాళీ చేస్తున్నదా?
నిలవడ్డోళ్లకు సీటిప్పిచ్చుడు
ఆమెకు మొదటి సంది అలవాటు.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి కాడ ఒకపారి
రైటు చెప్పినంక, బస్సు కదిలినంక,
ఎనుకనుంచి ఒకామె బిడ్డనెత్తుకొని ఉరికొస్తుంటే
మళ్ల ఒక్క విజిలేసి ఆపిందట.
"రైటన్నంక గూడ ఎనుకకు చూడాలెరా" అనేది.
నా సూదికి
ఆ ఒక్క విజిలు లేదు.

మార్ఫిను పెంచిండ్రు.
కడుపుకు పైపు ఒద్దని తనే సంతకం పెట్టింది,
కుదుపుల నిలవడి టికెట్టు మీద రాసినట్టు, వంకర్లు వంకర్లుగ.
డాక్టరమ్మ లెక్కల ఇది తీసుడే, ఇచ్చుడు కాదు.
నేను అడ్డం చెప్పలే.
తాళంచెవి మాత్రం ఊకె తడుముకుంటున్న.

రాత్రి మూడింటికి,
రోడ్డు మీద మొదటి బస్సు ఇంక పడలే,
ఠంగు.
లేచి కూసున్న.
రెండోది రాలే.
ఆపు అన్నదా, ఆగు అన్నదా?
వంగి చూస్తే
బక్కవడ్డ వేలు నుంచి ఉంగరం జారి
దుప్పటి మడతల ఉంది.

దారం చుట్టి బిగువు చేసిన.
మళ్ల వేలికి తొడిగి
ఆమె చెయ్యిని
కడ్డీ మీదనే పెట్టిన.