వెనక గొట్టం

కనుమ మూసుకోడానికి ఇంకా పది రోజులే ఉందని
నారిన్ నుంచి వచ్చిన గొర్రెల లారీవాడు చెప్పిపోయాడు.
ఆ మధ్యాహ్నమే ఉవాజ్ జీపుని కొట్టం వెనక నిలిపి
దాని పొట్టలోంచి హీటరు పెట్టె ఊడదీశాను.
మేం దాన్ని పొయ్యి అంటాం.
అంత మాట అది ఎన్నడూ నిలబెట్టుకోలేదు.

ఆరు బోల్టులు. నాలుగు మర్యాదగా వచ్చాయి.
ఐదోది కిరోసిన్ తాగి, తిట్లు తిని, తెల్లారాక కదిలింది.
ఆరోదాని తల నా చేతిలో ఉంది,
ఒళ్ళు మాత్రం ఆ ఇనుములోనే కాపురముంది.

తెరిస్తే లోపల ఎలుక పెట్టిన సంసారం:
బార్లీ పొట్టు, గొర్రె బొచ్చు, చింపిన మందుచీటీ,
మూడు గులాబీరంగు మాత్రలు. ఒక్కటీ కొరకలేదు.
చదువుకున్న ఎలుక.

నురుగు పట్టీలు ముట్టుకుంటే
కాల్చిన అప్పడంలా పొడైపోయాయి.
రేడియేటరు ఇత్తడి మూలన పచ్చటి చిలుము,
ఇన్నేళ్ళూ నా కుడి బూటు మీద తియ్యటి వాసనతో కారింది అక్కణ్ణించే.
తగరం కరిగించి మాటు వేశాను.
తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో ఊది,
బుడగ కోసం
దొంగకి కాపుకాసినట్టు కూర్చున్నాను. రాలేదు.

నురుగు కొనాలంటే రెండొందల కిలోమీటర్లు.
మా ఆవిడ కనింబుబు, తివాచీకి కత్తిరించగా మిగిలిన
ఉన్ని ముక్కలు తెచ్చి ఒళ్ళో పడేసుకుంది.
పొట్టేలు కొమ్ము మెలిక ఉన్న ఎర్రముక్కని
ఏరి మరీ మూత అంచుకి కుట్టింది.
"లోపల ఎవరు చూస్తారే?" అన్నాను.
"నువ్వు చూశావు కదా" అంది, దారం కొరుకుతూ.

అంతా అయ్యాక, వెనక సీటుకి పోయే గొట్టం కడుగుదామని
వేలు పెట్టాను. రేకు తగిలింది.

చేపల డబ్బా మూత. గుండ్రంగా కత్తిరించి,
అంచులు సుత్తితో మడిచి, నాలుగు చోట్ల తారు.
ఆ మడత చూడగానే చెయ్యి ఎవరిదో తెలిసింది.
నాదే.

పదకొండు చలికాలాల కిందట, ఉద్యోగం కొత్తలో,
పెడలు మీద పాదం ఉందో లేదో తెలియని ఒక రాత్రి గడిచాక,
డ్రైవరు బతికితేనే కదా బండిలో అందరూ బతికేది అనుకుని
వెనక వాళ్ళ వేడి ముందుకి తిప్పుకున్నాను.
వసంతంలో తీసేద్దామనుకున్నాను.
వసంతంలో పొయ్యి ఎవరికి గుర్తుంటుంది?

వెనక ఎప్పుడూ నర్సు బురుల్‌కాన్.
నొప్పులు పడే ఆడదాని తల ఒళ్ళో పెట్టుకుని,
సెలైను సీసా గడ్డకట్టకుండా చంకలో అదిమి పట్టుకుని.
అదీ వైద్యంలో భాగమే అనుకున్నాను
ఇన్నాళ్ళూ.

రేకు పీకి జేబులో వేసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.
తెగిన తీగ స్థానంలో సైకిలు బ్రేకు తీగ లాగి
పెట్టె మళ్ళీ బిగించాను, ఐదు బోల్టులతోనే.

డిసెంబరులో ఒక రాత్రి, కొండమీది గొర్రెల మకాం నుంచి
నిన్ననే పుట్టిన పిల్లనీ తల్లినీ దింపుకొస్తున్నాం.
బయట ముప్పై డిగ్రీల మైనస్సు. దారి ఉందన్నది నమ్మకమే.
చెప్పేద్దామని మూడుసార్లు అద్దంలోకి చూశాను.
మూడుసార్లూ గేరు మార్చాను.

ఏటి మలుపు దగ్గర వెనక మెత్తటి చప్పుడు:
చేతి తొడుగు. కాసేపటికి రెండోది.
తర్వాత శాలువా.
"ఏమయ్యా ఎసెన్‌బెక్" అంది,
"ఏం పెట్టావు దీంట్లో? పిల్ల మొహం కందిపోయింది.
ఉక్కపోస్తోంది, కాస్త తగ్గించు."

జేబులో రేకు తొడకి చల్లగా ఆనుకునే ఉంది.
మీట ఒక గడి వెనక్కి లాగాను.
తగ్గింది.
ఒక్క గడే.