అరగంట ముందు

కీల్పాక్‌లో డాక్టరమ్మ
ముక్కులోంచి దారంలాంటి కెమెరా దించి
తెరమీద నా గొంతు నాకే చూపించింది.
ముప్పై ఏళ్ళు పద్యాలు చెప్పిన చోటు
వాత పెట్టినట్టు కందిపోయి ఉంది.
"గుండెల్లో మంటే లేదే" అన్నాను.
"అందరికీ మంటగా రాదు, కొందరికి దగ్గుగా వస్తుంది" అంది.
పక్క కుర్చీలో కోదండం మాస్టారు.
అదే బడి, అదే సుద్దముక్క, అదే సకిలింపు.

ఆయన మాత్ర తీసుకున్నాడు.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
తిండికి అరగంట ముందు.
ఆ అరగంట ఆయనకి కొత్త.
పాత చాకలిపేట సందులో తెల్లవారడం
యాభై ఏడేళ్ళకి మొదటిసారి చూశానన్నాడు.

నేను పథ్యం తీసుకున్నాను.
మాత్ర ఒక్కసారి మింగితే సరి,
పథ్యం రోజంతా మింగాలి.
కాఫీ లేదు. చింతపండు లేదు. పచ్చిమిరప లేదు.
ఏడింటికల్లా కంచం ఎత్తెయ్యాలి.
మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు,
రాత్రంతా జారి జారి
తెల్లారేసరికి నేనొక చోట, దిండొక చోట.
సొరకాయ, బీరకాయ, మళ్ళీ సొరకాయ.
"ఏమిటే, బాలింతరాలి తిండి తింటున్నావట!"
ఫోన్లో మా ఆడపడుచు రంగనాయకి.
మింట్ స్ట్రీట్‌లో కాఫీ గింజలు వేయించే కొట్టు ముందు
ఆటో ఆగితే ఊపిరి బిగబట్టాను.
తర్వాత, ఎవరూ చూడట్లేదు కదా అని, పీల్చాను.

స్టాఫ్‌రూంలో లెక్క మొదలైంది.
ఆయన సకిలింపులకి నా డైరీలో గీతలు,
నావాటికి ఆయన డైరీలో.
మూడో వారం ఆయన గీతలు తగ్గాయి. నాకు కడుపుమంట,
అచ్చంగా అదే.
ఏడో వారం నావి తగ్గాయి.
ఆయన చారులో మిరియాలు మానేశాడు, నాతో చెప్పకుండా.
నేను ఆయన మాత్ర పేరు కనుక్కున్నాను, ఊరికే.

మూడు నెలలకి మళ్ళీ కెమెరా.
"ఇద్దరికీ ఎరుపు తగ్గింది."
ఎవరికి ఎక్కువ, అంటే
చేతులు కడుక్కుంటూ నవ్వింది డాక్టరమ్మ.
మాత్ర ఆపిన తొమ్మిదో రోజు
మాస్టారికి దగ్గు తిరిగొచ్చింది.
పెరంబూరు పెళ్ళిలో ఒక్క ముద్ద గోంగూర తిన్నందుకు
నాకు రెండు రాత్రులు గొంతులో గోళీకాయ.
డైరీలు మూసేశాం.

ఒక సంగతి మాత్రం ఆయనకీ చెప్పలేదు.
గొంతు లేని ఆ నెలలు
ఏడో తరగతికి గుసగుసగా పాఠం చెప్పాను.
నలభై రెండు మంది ముందుకి వంగి,
బెంచీ కిర్రుమంటే ఒకళ్ళనొకళ్ళు కసురుకుంటూ,
ఆఖరి వరస యతిరాజు కూడా.
ఇప్పుడు గొంతు బాగుంది. క్లాసు సంత.

నిన్న సవర్ణదీర్ఘం చెబుతూ
కావాలనే స్వరం తగ్గించాను.
యతిరాజు లేచి నిలబడ్డాడు:
"ఏం టీచర్, మళ్ళా కాఫీ తాగినారా?"