పాళ్లు

గోడకైతె ఒకటికి ఆరు,
పూతకు ఒకటికి నాలుగు.
నిద్రల లేపి అడిగినా చెప్త.
మక్తల్ల, కోస్గిల, పట్నంల
నేను కలిపిన మాలు జారిందని
ఇంతవరకు ఒక్కలు అనలే.

బిడ్డ జారిపోవట్టె.
తెల్లారెదాంక ఏడుసార్లు,
పొద్దెక్కినంక లెక్క తప్పింది.
మోరి పక్కన బోరు పైపు పగిలి మూడొద్దులు,
వాడకట్టంత గదే గోస.

మా అవ్వ గిలాస గుంజుకున్నది.
"నీళ్లు తాపితె నీళ్లే పోతయిరా.
కడుపెండనియ్యి, అదే కడ్తది."
నేను తలూపిన.
కొత్త గోడకు పది దినాలు
పొద్దుమాపు పైపు పట్టుకొని తాపెటోన్ని,
నేనే తలూపిన.

సవారమ్మ వచ్చింది, ఆశ వర్కరు,
బురదల చెప్పులు చేత పట్టుకొని.
మా కావేరి పొట్ట మీది తోలు
రెండేళ్లతోని పట్టి ఇడిసింది.
గుడ్డ మడత లెక్క నిలవడ్డది తోలు,
ఆగి ఆగి పండింది.
పిల్ల ఏడుస్తుంది, కండ్లల్ల తడి లేదు.
అసుమంటి ఏడుపు నేనెన్నడు సూడలే.

కాంచి సల్లార్చిన నీళ్లల్ల
ప్యాకెటు మొత్తం ఏసిన.
నీళ్లు అర లీటరే పోసిన,
చిక్కగుంటె గట్టిగ పడ్తదని.
సవారమ్మ నా చెయ్యి పట్టింది:
"గోడ గాదు మేస్త్రీ.
చిక్కగైతె ఒంట్ల నీళ్లు అదే గుంజుకుంటది.
ప్యాకెటుకు లీటరు. ఒకటికి ఒకటి."
తక్కువైన అర లీటరు పోసి
నాలిక మీద ఏసుకున్న.
కన్నీళ్ల లెక్కనే ఉన్నది,
జర తీపి.

చెంచ. ఇంకో చెంచ.
కక్కింది.
పది నిమిషాలు ఆగుమన్నది, ఆగినం.
మళ్ల చెంచ.
నడుమ నడుమ మణెమ్మ రొమ్మిచ్చింది.
"పిల్ల మబ్బుగైతె, తాగుడు బందైతె
నా కోసం సూడొద్దు, దవఖానకు పోండ్రి" అని
ఆటో అతని నంబరు
గోడ మీద బొగ్గుతోని రాసి పోయింది సవారమ్మ.
నేను పూసిన గోడనే.

నడిరాత్రి కరెంటు పోయింది.
బస్తాలు మోసిన చేతులు
చెంచెడు నీళ్లకు వణుకుతున్నయి.
మూలకు కూసున్న అవ్వ
లేచొచ్చి చెంచ తీసుకున్నది.
సెల్లు ఎలుతుర్ల
ఒక్క సుక్క కింద పడనియ్యలే.
తాపుకుంట తాపుకుంట
నా కన్న ముందు పుట్టినోని పేరు పలికింది,
నేను ఇన్నది అదే మొదటిసారి.
ఎట్ల పోయిండని అడగలే.

కోడి కూసె యాళ్లకు
నా ఒళ్లె యెచ్చగైంది.
లుంగి తడిసి మోకాలు దాంక కారింది.
అవ్వ ముట్టి సూసి,
ఆ చెయ్యి కొంగుకు తుడ్సుకోకుంట
అట్లనే పట్టుకున్నది.
మణెమ్మ పాత గుడ్డ తెస్త అన్నది.
వద్దన్న.
జరసేపు ఆరనియ్యొద్దని.