గాజు తలుపు దాకా

రేణిగుంట దాటినాక టికెట్ తీసి ముందుకిచ్చింది
నసీబున్నక్క.
"చదువు మునిశేఖరా, ఎంతసేపో."

చెన్నై టు కువైట్.
లేచేది తెల్లారుజాము నాలుగూ పది.
దిగేది ఆరూ నలభై.

"అంటే రెండున్నర గంటలేనా?
పోయినసారి మోకాళ్ళు పట్టేసినాయే!"
"కాదక్కా, అయిదు గంటలు.
వాళ్ళ గడియారం మనకన్నా వెనకాల నడస్తాది."
"మరి మిగతా రెండున్నర గంటలు
ఎవరి దగ్గరుంటాయి?"

నాకేం తెలుసు.
నా లెక్క నూట నలభై కిలోమీటర్లది.
గుంతలుంటే మూడున్నర గంటలు, వాన పడితే నాలుగు,
పుత్తూరులో టీ తాగితే
ఇంకో పది నిమిషాలు.

పుత్తూరు వచ్చింది. అద్దం దించింది అక్క.
ఆడ సేఠమ్మ బాత్రూములో జారి
విరగ్గొట్టుకున్న మణికట్టుకి
ఈడికొచ్చి కట్టించుకునింది కట్టు.
గుడ్డుసొన, ఆకుపసరు, వెదురుబద్దలు.

"అతుక్కునేదానికి నలభై రోజులు పట్టింది అబ్బోడా.
దీన్ని ఆడికి మోసకపోయేదానికి
అయిదు గంటలు చాలంట."

చెయ్యి కిటికీ బయటపెట్టి
చీకట్లో పిండి పిసికినట్టు తిప్పి చూసుకునింది.
లోపల ఎక్కడో టక్కుమనింది.
ఇద్దరికీ వినబడింది.
నేను గేరు మార్చినా.

నగరిలో మరమగ్గాలు ఇంకా నిద్రపోలా.
తిరుత్తణి దగ్గర బోర్డుల మీది అక్షరాలకి
మూలలు మొలిచినాయి.
"వాచీ ఆ ఊరి టైముకి తిప్పుకోవా అక్కా?"
"ఎందుకు? ఆడ పొయ్యి ముట్టించేటప్పుడు
కొర్లగుంటలో ట్యాంకరొచ్చే వేళయిందో లేదో
నాకు తెలియొద్దా?"
ఆ మాటంటానే నిద్రపోయింది,
కట్టు విప్పిన చేతిని
రెండో చేత్తో పట్టుకుని.

ఏర్‌పోర్టులో సీటీ ఊదేవాడికి
ఎవురి ఏడుపూ పట్టదు. మూడు నిమిషాలే.
పెట్టె ఆ చేత్తోనే ఎత్తబోయి
ఆగి, చెయ్యి మార్చుకునింది.
పర్సులో మిగిలిన చిల్లరంతా నా గుప్పిట్లో పోసింది,
ఆడ చెల్లవని.

నా బండి మీటరు మూడు లక్షల ఎనభై వేలు.
దాంతో నూరుసార్లు కువైట్ పోవచ్చంట,
బేరమొచ్చిన నెల్లూరాయన ఫోన్లో కొట్టి చెప్పినాడు.
నేను పోయింది మాత్రం
ఆ గాజు తలుపు దాకా.
అద్దంలో అక్క,
అక్క మీద నా బండి లైట్లు,
తలుపు తెరుచుకుంటే
రెండూ లేవు.

దారిలో బండాపి కునుకు తీసి
పుత్తూరు చేరేసరికి పొద్దెక్కింది.
టీ కొట్టు గడియారంలో తొమ్మిదీ పది.
ఆడ ఆరూ నలభై.
చక్రాలు నేల తాకుంటాయి.

బస్సు దిగినాడొక పిలగాడు,
తువ్వాల్లో చుట్టిన మోచేతిని
బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని.
వెనకాల వాళ్ళమ్మ.
"కట్టు కట్టే చోటు ఎంత దూరమన్నా?"

"దగ్గరే మా. ఆటోలో అయిదు నిమిషాలు"
అన్నా.
నలభై రోజుల సంగతి
వాళ్ళే చెబుతారులే.